విజయవాడ నుంచి థార్ ఎడారికి సొంత కారులో: డెజర్ట్ నేషనల్ పార్క్ చూసి రావడం ఎలా

రాజస్థాన్‌లోని జైసల్మేర్ వెళ్లొచ్చిన మనవాళ్లను ఎవర్నడిగినా రెండే చెబుతారు: కోట, సమ్ అనే ఊరి ఇసుక దిబ్బల దగ్గర ఒంటె సవారీ. ఆ ఇసుక దిబ్బలను ఆనుకునే 3,162 చదరపు కిలోమీటర్ల డెజర్ట్ నేషనల్ పార్క్ ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా ‘అక్కడేముంది, గడ్డే కదా’ అని వదిలేస్తారు. ఆ గడ్డి కోసమే వెళ్లాలన్నది నా మాట. ఇసుక దిబ్బ అరగంటలో అయిపోతుంది. ఎడారిలో బతికే జీవాలన్నీ ఉండేది గడ్డిలో, తుప్పల్లో, రాళ్ల నేలలో. ప్రయాణం మొత్తం ఈ లెక్కన వేసుకుంటే ఎక్కడ రోజులు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో దానంతటదే తేలుతుంది.

ముందు నెల ఖాయం చేసుకోండి

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. మిగతా నెలల జోలికి పోవద్దు. ‘బెజవాడ ఎండలు చూసినవాళ్లం, మాకేంటి’ అనే ధీమా అక్కడ పనికిరాదు. జోధ్‌పూర్, జైసల్మేర్‌ల మధ్య ఉండే ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీల ఎండ కాసింది. పైగా మన ఉక్కపోత వేరు, అక్కడి పొడి వేడి వేరు. మనకు చెమట కారుతుంది కాబట్టి దాహం గుర్తొస్తుంది. అక్కడ చెమట పుట్టగానే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు తగ్గుతున్నట్టే తెలియదు. చలికాలంలోనూ అంతే. అందుకే దాహం వేసినా వేయకపోయినా గంటకోసారి నీళ్లు తాగాలి. పెదాలు పగలడం, ముక్కులో మంట రెండో రోజే మొదలవుతాయి; కొబ్బరినూనె సీసా ఒకటి బ్యాగులో పడేయండి.

చలికాలం పగలు హాయిగా 25 డిగ్రీల దాకా ఉంటుంది. రాత్రి ఏడెనిమిదికి పడిపోతుంది, కొన్ని రోజులు ఇంకా కిందికి. కృష్ణా తీరంలో పుట్టి పెరిగినవాళ్ల దగ్గర ఒక్క మంచి స్వెటర్ కూడా ఉండదు. తెల్లవారుజామున ఓపెన్ జీపులో కూర్చోవాలంటే స్వెటర్, దాని మీద గాలి ఆపే జాకెట్, చెవులకు టోపీ మూడూ కావాలి.

జనవరిలో వెళ్లేవాళ్లకు ఒక మాట. సంక్రాంతికి రెండు రోజుల ముందు విజయవాడ నుంచి బయల్దేరితే హైదరాబాద్ రోడ్డు మీకు ఖాళీగా ఉంటుంది, రద్దీ అంతా ఎదురు లేన్లలోనే. కాకపోతే పండక్కి ఊరొదిలి వెళ్తామంటే ఇంట్లో ఒప్పుకోవాలిగా! కనుమ మర్నాడు బయల్దేరారంటే మాత్రం హైదరాబాద్ తిరిగెళ్లే బళ్ల మధ్య ఇరుక్కుంటారు. ఇంకో నాలుగు రోజులు ఆగండి. మాఘ పౌర్ణమికి జైసల్మేర్‌లో ఎడారి ఉత్సవం జరుగుతుంది. చూడదగ్గదే, కానీ ఆ రోజుల్లో గదుల రేట్లు మండిపోతాయి.

కారా, విమానమా

విజయవాడ నుంచి జైసల్మేర్ ఒకవైపే రెండు వేల కిలోమీటర్ల పైమాట. వెళ్లడానికి ఆరు రోజులు, రావడానికి ఆరు, అక్కడ కనీసం నాలుగు. అన్ని సెలవులు దొరకనివాళ్లు హైదరాబాద్ నుంచి జోధ్‌పూర్‌కు విమానంలో వెళ్లి, అక్కడ కారు అద్దెకు తీసుకోవడం మంచిది. మనమే నడుపుకునే అద్దె కారుకు నల్ల నంబర్ ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు బండి చవగ్గా ఇస్తామంటే వద్దనండి. అలా అద్దెకు తిప్పడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది.

సొంత కారు అయితే పెట్రోలు లెక్క సులువు. రానుపోను, అక్కడి తిరుగుడు కలిపి 5,000 కిలోమీటర్లు వేసుకోండి. లీటరుకు 16 ఇచ్చే బండికి 312 లీటర్లు. లీటరు 105 రూపాయల లెక్కన 33 వేల లోపు. ఆంధ్రలో పెట్రోలు రేటు దేశంలోనే ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి కాబట్టి ఇక్కడ ట్యాంకు అంచుల దాకా నింపుకోనక్కర్లేదు.

టోల్ సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఫాస్టాగ్ ఏడాది పాస్ వచ్చింది: వచ్చినప్పుడు ధర 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. ఇంత దూరం తిరిగేవాళ్లకు దీనంత లాభం ఇంకోటి లేదు. ఇది జాతీయ రహదారులకే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు, రాష్ట్రాల చేతిలో ఉన్న రోడ్లకు మామూలుగానే డబ్బు కట్ అవుతుంది, కాబట్టి ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ కూడా ఉంచండి.

ఆటోనగర్‌లో ఒక పూట

బయల్దేరడానికి వారం ముందు బండిని ఆటోనగర్ తీసుకెళ్లండి. ముందురోజు వద్దు, ఏదైనా మార్చాల్సి వస్తే, మార్చాక నాలుగు రోజులు ఊళ్లో తిప్పి చూసుకునే టైం ఉండాలి. ఆయిల్, కూలెంట్, బ్రేకులు, బ్యాటరీ ఎటూ చూస్తారు. మీరు పట్టుబట్టి చూపించాల్సింది టైర్లు.

టైరు పక్కన ముద్ర వేసిన నాలుగంకెలు వెతకండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైంది. గాట్లు బాగానే కనిపించినా ఆరేళ్లు దాటిన టైరును ఇంత దూరం నమ్మొద్దు. తర్వాత స్టెప్నీ దించమనండి. ఏళ్ల తరబడి డిక్కీలో పడి ఉన్నదాంట్లో సరిపడా గాలి ఉండదు. ఇంకో ముఖ్యమైన పని, జాకీ వేసి, బండితో వచ్చిన స్పానర్‌తో ఒక చక్రం మీరే స్వయంగా విప్పి బిగించండి. మెకానిక్ నవ్వితే నవ్వనివ్వండి. మెషీన్‌తో బిగించిన నట్లు చాలాసార్లు చేతి స్పానర్‌కు లొంగవు. ఆ సంగతి పోఖరణ్ అవతల తెలియడం కంటే ఆటోనగర్‌లో తెలియడం నయం. ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, కారు సాకెట్‌కు తగిలించే గాలి పంపు, లాగడానికి గట్టి తాడు, ఒక చిన్న పార ఇవి డిక్కీలో ఉండాలి. ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్సు డిజిలాకర్‌లో పెట్టుకున్నా జిరాక్సులు కూడా ఉంచుకోండి.

తిండి దగ్గర మనవాళ్లకు టెన్షన్ ఎక్కువ. కందిపొడి, గోంగూర పచ్చడి, చిన్న రైస్ కుక్కర్ ఉంటే మూడో రోజు ఇంట్లోవాళ్ల మొహాల్లో వెలుగు తగ్గదు. అలాగని పదహారు రోజులూ పచ్చడి మెతుకులే తింటామంటే అన్యాయం. నాగ్‌పూర్ సావ్‌జీ కూరల కారం గుంటూరు నాలుకకు కూడా తగులుతుంది. ఇందోర్‌లో పొద్దున్నే అటుకుల పోహా, జిలేబీ. రాజస్థాన్‌లో సజ్జరొట్టె, నెయ్యి, వెల్లుల్లి పచ్చడి. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం ప్రయాణానికి సరిపడా కాకుండా ఇంకో వారానికి ఎక్కువ పెట్టుకోండి.

దారి

గుంటూరువాళ్లు విజయవాడ రానక్కర్లేదు. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి దగ్గర హైదరాబాద్ హైవే ఎక్కొచ్చు. విజయవాడవాళ్లు నందిగామ, కోదాడ, సూర్యాపేట మీదుగా నేరుగా. హైదరాబాద్ ఊళ్లోకి పోకుండా పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి మేడ్చల్ వైపు దిగితే నాగ్‌పూర్ రోడ్డు, అంటే ఎన్‌హెచ్ 44 తగులుతుంది. మొదటి రాత్రి నిర్మల్‌లో గానీ ఆదిలాబాద్‌లో గానీ పడుకోండి. మబ్బుతోనే బయల్దేరితే సాయంత్రానికి తేలిగ్గా చేరతారు. ఒక్క రోజులో నాగ్‌పూర్ కొట్టేస్తామనే ఉత్సాహం యువకుల్లో ఉంటుంది. కొట్టొచ్చు కూడా, మర్నాడు నడుం లేవదు.

రెండో రోజు హింగన్‌ఘాట్ మీదుగా నాగ్‌పూర్ దాటి బేతుల్. హింగన్‌ఘాట్ పత్తికి పేరున్న మార్కెట్, సీజన్లో రోడ్డు మీద పత్తి బళ్లు తగులుతాయి. మూడో రోజు హర్దా మీదుగా ఇందోర్. నాలుగో రోజు రత్లాం, మంద్‌సౌర్, నీమచ్ దాటి చిత్తోడ్‌గఢ్ లేదా ఉదయ్‌పూర్. ఐదో రోజు జోధ్‌పూర్. ఆరో రోజు పోఖరణ్ మీదుగా జైసల్మేర్. రోజుకు 400 నుంచి 500 కిలోమీటర్లు చాలు, కొన్ని రోజులు అంతకంటే తక్కువే పడుతుంది.

రెండు నియమాలు. చీకటి పడ్డాక బండి నడపొద్దు. మధ్యప్రదేశ్‌లో చెరుకు ట్రాక్టర్లకు వెనక లైట్లుండవు, రాజస్థాన్‌లో నీలుగాయిలు, ఒంటెలు రోడ్డెక్కుతాయి. ఒంటె కాళ్లు పొడవు కాబట్టి కారు దాన్ని గుద్దితే ఆ శరీరం నేరుగా ముందు అద్దం మీద పడుతుంది. ఇక డిసెంబరు, జనవరిలో ఇందోర్ దాటాక పొద్దున పొగమంచు పడితే ఎనిమిది దాకా ఆగండి. హజార్డ్ లైట్లు వేసుకుని మంచులో తోలడం ధైర్యం కాదు; వెనకవాడికి మీరు ఆగారో, పోతున్నారో తెలియదు.

జోధ్‌పూర్ దగ్గర జమ్మి చెట్లు

జోధ్‌పూర్ చేరేసరికి పొలాల మధ్య పొట్టిగా, కొమ్మలు నరికిన చెట్లు వరుసగా కనబడతాయి. దిగి దగ్గరికెళ్లి ఆకు చూడండి. దసరా రోజు చీటీల మీద శ్లోకం రాసి మనం కట్టే జమ్మి చెట్టే అది. అక్కడివాళ్లు ఖేజ్రీ అంటారు, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం. మనకు ఏడాదికోసారి గుర్తొచ్చే ఈ చెట్టు వాళ్లకు రోజూ అన్నం పెడుతుంది. ఆకు మేకలకు, ఒంటెలకు మేత. వేరు చాలా లోతుకు దిగుతుంది కాబట్టి వానల్లేని ఏడాది కూడా పచ్చగా ఉంటుంది. హోటల్లో ‘కేర్ సాంగ్రీ’ కూర అడగండి, అందులో సాంగ్రీ అంటే ఎండబెట్టిన జమ్మికాయలే. కాస్త పులుపు, కాస్త వగరు. సజ్జరొట్టెలోకి బ్రహ్మాండం.

ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఖేజడ్లీ అనే పల్లె ఉంది. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు సున్నపు బట్టీల కోసం ఈ చెట్లు కొట్టడానికి వస్తే, చెట్లనూ మృగాలనూ కాపాడటం ధర్మంగా పాటించే బిష్ణోయి వర్గానికి చెందిన అమృతాదేవి అనే స్త్రీ చెట్టును కావిలించుకుని అడ్డుపడింది. ఆమెను, ఆమె తర్వాత ఒకరొకరుగా ముందుకొచ్చిన వాళ్లను నరికేశారు. మొత్తం 363 మంది. బిష్ణోయిల పల్లెల్లో చింకారా జింకలు నేటికీ ఇళ్ల పక్కనే మేస్తుంటాయి. పార్కుకు పోకముందే ఒక పూట ఇక్కడ గడిపితే, ఎడారిలో మనిషికీ మృగానికీ ఉన్న పొత్తు కళ్లారా కనిపిస్తుంది.

పక్షులంటే ఇష్టమున్నవాళ్లు ఫలోదీ పక్కనున్న ఖీచన్ మీదుగా వెళ్లండి. కుర్జా కొంగలు హిమాలయాలు దాటి వచ్చి చలికాలమంతా అక్కడే ఉంటాయి. ఊరివాళ్లు వాటికి గింజలు చల్లుతారు. పొద్దున్నే చేరగలిగితేనే ఈ దారి పట్టాలి.

పార్కులో

పేరులో నేషనల్ పార్క్ అని ఉన్నా ప్రభుత్వ రికార్డుల్లో ఇది 1980లో ప్రకటించిన అభయారణ్యం. జైసల్మేర్, బాఢ్‌మేర్ జిల్లాల్లో పరుచుకుని ఉంది. లోపల పల్లెలున్నాయి, మందలు మేస్తాయి, బస్సులు తిరుగుతాయి. శ్రీశైలం అడవిలాగా ఒక గేటు, లోపలంతా అడవి అనుకుని వెళ్తే పార్కు ఎక్కడ మొదలైందో కూడా తెలియకుండా దాటేస్తారు. మీరు వెళ్లాల్సింది సుదాసరి అనే చోటికి, జైసల్మేర్ నుంచి దాదాపు 60 కిలోమీటర్లు. అక్కడ అటవీశాఖ కంచె వేసి కాపాడుతున్న గడ్డి నేల ఉంది. అనుమతి, వాహనం, గైడు సంగతులు ముందురోజే జైసల్మేర్‌లోని అటవీశాఖ వన్యప్రాణి విభాగం ఆఫీసులో కనుక్కోండి. రుసుములు, వేళలు మారుతుంటాయి కాబట్టి హోటల్‌వాళ్ల మాట మీద ఆధారపడొద్దు.

వెళ్లేది తెల్లవారకముందే. సూర్యుడు లేచేసరికి గడ్డి పక్కన ఉండాలి. మొదటి పావుగంట ఏమీ కనబడదు. పసుపు పచ్చని సేవణ్ గడ్డి, మధ్యమధ్య జిల్లేడు, రేగు తుప్పలు. ఇంజను ఆపేసి కూర్చుంటే కళ్లు అలవాటుపడతాయి. గడ్డి రంగులోనే ఉన్న చింకారా చెవి కదిలిస్తుంది. ఒకటి కనబడ్డాక పక్కనున్న ఐదూ కనబడతాయి. ఎడారి నక్క కన్నం ముందు ఎండ కాచుకుంటూ ఉంటుంది. కాస్త ఎండెక్కాక రాబందులు, గద్దలు పైకి లేస్తాయి. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చినవి కూడా వాటిలో ఉంటాయి. 8x42 బైనాక్యులర్ ఒకటి తప్పనిసరి. ఫోన్ కెమెరాతో ఇక్కడ పని జరగదు.

అదృష్టముంటే బట్టమేక పిట్ట, అంటే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్. మగది మీటరు ఎత్తు, 15 కిలోల దాకా బరువు. తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ. గడ్డిలో దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని పొలం చూసుకుంటున్న పెద్దాయనలా నడుస్తుంది. మన నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యం 1988లో పెట్టింది దీని కోసమే. ఇప్పుడక్కడ కనబడటం దాదాపు ఆగిపోయింది. దేశంలో మిగిలినవాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్ జిల్లాలోనే ఉన్నాయి. నేల మీద, మామూలుగా ఒకటే గుడ్డు పెడుతుంది కాబట్టి సంతతి పెరగదు. ఎదురుగా ఉన్న కరెంటు తీగ దీనికి సరిగా కనబడదు, కనబడినా ఆ బరువుతో తప్పుకోలేదు. రోడ్డు పొడవునా మీరు చూసే గాలిమరల నుంచి కరెంటు మోసుకెళ్లే తీగలే దీనికి పెద్ద గండం. ఆ తీగల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021లో భూమిలోపల వేయమన్న కోర్టు, 2024లో ఆ ఉత్తర్వును సడలించి నిపుణుల కమిటీని వేసింది. సమ్‌లో, రామ్‌దేవ్‌రాలో వీటి గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రాలున్నాయి, అవి సందర్శకుల కోసం కాదు.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. పిట్ట కనబడగానే ‘భయ్యా, ఇంకొంచెం దగ్గరికి పోనివ్వు’ అనొద్దు. టిప్పు ఆశకు డ్రైవర్ పోనిచ్చినా మీరే ఆపాలి. ఫోన్లో పక్షి కూత వినిపించి పిలవడం, కిందకు దిగడం కూడా వద్దు. మొదటి రోజు కనబడకపోతే రెండో రోజు మళ్లీ వెళ్లండి. రెండు ఉదయాలు పార్కుకే కేటాయించమని నేను చెప్పేది అందుకే.

మిగతా సమయం ఎలా వాడుకోవాలి

జైసల్మేర్ నుంచి బాఢ్‌మేర్ రోడ్డులో 17 కిలోమీటర్లకు అకాల్ శిలాజ పార్కు. చాలామంది దాటేసి పోతారు. 18 కోట్ల ఏళ్ల కిందటి చెట్లు రాయిగా మారి అక్కడ పడి ఉన్నాయి. అతి పెద్ద మాను పొడవు 13 మీటర్ల పైనే. ఇనప జాలీల లోపల ఉంటాయి, వంగి చూడాలి. బెరడు గీతలు, కొమ్మ విరిగిన ముడి, అన్నీ అలాగే ఉంటాయి. ఇప్పుడు జిల్లేడు కూడా కష్టంగా మొలిచే ఈ నేల ఒకప్పుడు తడి అడవి. పిల్లలకు పాఠంలో చెప్పే దానికంటే ఇక్కడ గంటసేపు తిప్పితే బాగా ఎక్కుతుంది.

దిబ్బలు చూడకుండా రాలేరు, తెలుసు. సమ్ దగ్గర సాయంత్రం డీజే మోత, వందల జీపులు. నా ఓటు ఖూరీకి. జైసల్మేర్‌కు నైరుతిగా, దాదాపు సమ్ అంత దూరమే, దిబ్బలు చిన్నవి, మనుషులు తక్కువ. రాత్రి అక్కడ ఉండాలనుకుంటే గుడారం బుక్ చేసేముందు ‘సౌండ్ సిస్టమ్ ఉందా’ అని అడగండి. ఉందని గర్వంగా చెబితే ఇంకోచోటు చూసుకోండి.

ఒక రోజు మిగిలితే తనోట్ మాత గుడి, దాదాపు 120 కిలోమీటర్లు. గుడిని సరిహద్దు భద్రతా దళం చూసుకుంటుంది. 1965 యుద్ధంలో గుడి దగ్గర పడి పేలని బాంబులను లోపల పెట్టారు. తిరుగుదారిలో 1971 యుద్ధం జరిగిన లోంగేవాలా. రామ్‌గఢ్‌లో పెట్రోలు చూసుకోండి, ఆ తర్వాత బంకుల మీద ఆశ పెట్టుకోవద్దు. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సరిహద్దు ప్రాంతం కాబట్టి డ్రోన్ బయటికి తీయొద్దు.

ఇసుకలో దిగబడితే

మన కారును దిబ్బల మీదికి ఎక్కించకూడదు, అది వేరే చెప్పక్కర్లేదు. కానీ గాలికి రోడ్డు మీదికే ఇసుక మేట వేస్తుంది. ఎదురు లారీకి దారిస్తూ పక్కకు దిగినా చక్రం కూరుకుపోతుంది. అప్పుడు యాక్సిలరేటర్ తొక్కారంటే చక్రం ఇంకా లోతుకు తవ్వుకుంటుంది. ఆపండి. అందర్నీ దించండి. చక్రాల ముందు, వెనక ఇసుక పారతో తీసేయండి. ముందు చక్రాలతో నడిచే బండి అయితే వాటి కింద కాళ్ల దగ్గరి రబ్బరు మ్యాట్లు దూర్చండి. టైర్లలో గాలి 20 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. వచ్చిన దారినే, స్టీరింగ్ తిన్నగా ఉంచి, నెమ్మదిగా వెనక్కి తీయండి. బయటపడగానే పంపుతో గాలి నింపాకే వేగం పెంచాలి. అప్పటికీ కాకపోతే ఒంటెల బండివాళ్లో, ట్రాక్టరువాళ్లో వస్తారు. బేరం మర్యాదగా ఆడండి.

తిరుగుదారి

వెళ్లిన దారినే రావడం విసుగనుకుంటే బాఢ్‌మేర్, సాంచోర్ మీదుగా గుజరాత్‌లోకి దిగండి. అక్కడ కచ్ చిన్న రణ్‌లో అడవి గాడిదల అభయారణ్యం, 4,954 చదరపు కిలోమీటర్లు, ఉంది. వానాకాలం నీళ్లు నిలిచి, చలికాలానికి ఎండి పగుళ్లిచ్చే ఉప్పు నేల అది. దసాడా వైపు బస చేసి, తెల్లవారుజామున అక్కడి జీపులోనే వెళ్లాలి. సొంత కారు వద్దు, పైన పెచ్చు గట్టిగా కనబడినా కింద బురద ఉంటుంది. ఒక రాత్రి, ఒక ఉదయం చాలు.

ఆ తర్వాత అహ్మదాబాద్, సూరత్, ధులే మీదుగా సోలాపూర్. పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే ఎన్‌హెచ్ 65 అక్కడ చేతికొస్తుంది, ఇక నేరుగా ఇంటికే. సోలాపూర్ నుంచి విజయవాడ 580 కిలోమీటర్ల పైచిలుకు. ‘రాత్రికి ఇంటికెళ్లి పడుకుందాం’ అని అందరికీ అనిపించేది ఇక్కడే. మధ్యాహ్నం రెండు దాటాక హైదరాబాద్ చేరితే ఆ రాత్రి అక్కడే ఉండిపోండి. సూర్యాపేట, కోదాడల మధ్య రాత్రిపూట రోడ్డు పక్కన ఆగి ఉండే లారీలు ఎన్నుంటాయో ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చిన మర్నాడు ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ రెండూ తీయించి చూడండి, మార్చాల్సి రావచ్చు.